అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ – తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి సగం ఎవరైనా చదవొచ్చు, కథేమీ బయటపడదు. మధ్యలో ఒక హెచ్చరిక ఉంది. అది దాటాక ఉన్నదంతా షో మొత్తం చూసినవాళ్ల కోసం.

అసలు ఇదేం షో? అంతగా ఏముంది ఇందులో?

అమెరికాలో నికెలోడియన్ ఛానల్లో 2005 ఫిబ్రవరి 21న మొదలై 2008 జులై 19న ముగిసిన యానిమేషన్ సీరియల్. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు. సృష్టించినవాళ్లు మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్జ్‌కో. నీరు, భూమి, అగ్ని, గాలి పేరిట నాలుగు జాతులు. ఆ జాతుల్లో కొందరు తమ భూతాన్ని ఒంటి కదలికతో ఆడించగలరు. దాని పేరే బెండింగ్. నాలుగూ చేయగలిగేది లోకంలో ఒక్కరే, ఆ ఒక్కరే అవతార్. పన్నెండేళ్ల ఆంగ్ వందేళ్లు మంచుగడ్డలో ఉండిపోయి కళ్లు తెరిచేసరికి అగ్నిరాజ్యం యుద్ధం మొదలుపెట్టి వందేళ్లయింది, గాలివిద్య తెలిసినవాడు తనొక్కడే మిగిలాడు.

పోరాటాలు చాలా షోల్లో ఉంటాయి, హాస్యమూ ఉంటుంది. ఈ షోని ఎత్తున నిలబెట్టింది దాని మాట నిలకడ. తాను పెట్టిన నియమాన్ని తాను మీరదు. ఎవరికీ ఉన్నట్టుండి కొత్త శక్తి పుట్టుకురాదు. గెలిచిన ప్రతిదానికీ ఎవరో ఒకరు ముందే మూల్యం చెల్లించి ఉంటారు.

నీలం మనుషుల సినిమాకీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. ఆ సినిమా 2009లో వచ్చింది, ఈ షో అంతకు నాలుగేళ్ల ముందు. ఆ సినిమా వల్లే 2010లో ఈ కథతో తీసిన సినిమా పేరులో "అవతార్" అన్న మాట లేకుండా పోయింది.

ఇది అనిమేనా, అంటే జపాన్ యానిమేషనా?

రాసింది, స్టోరీబోర్డు గీసింది అమెరికాలో. ఫ్రేములు గీసింది దక్షిణ కొరియా స్టూడియోలు: జేఎం యానిమేషన్, డీఆర్ మూవీ, ఎంఓఐ యానిమేషన్. జపాన్ బొమ్మల ప్రభావం ముఖాల్లో కనబడుతూనే ఉంటుంది. అనిమే అనాలా వద్దా అన్న వాదనలో పడి సాయంత్రం పాడుచేసుకోవద్దు. కొరియా చిత్రకారుల పేరు చెప్పడం మాత్రం మర్చిపోవద్దు. గుడ్డ కదలిక, నీటి బరువు అంత నమ్మకంగా ఉన్నాయంటే అది వాళ్ల చేతి పనే.

ఏ వరుసలో, రోజుకెన్ని చూడాలి?

ప్రసారమైన వరుసలోనే. ఎపిసోడ్ సుమారు 23 నిమిషాలు, మొత్తం ఇరవైమూడున్నర గంటలు. ఒక్క వారాంతంలో ఊదేస్తే రెండో సీజన్ చివరికి తల మొద్దుబారి, ముఖ్యమైనవి జారిపోతాయి. రోజుకు రెండు సరైన లెక్క. అయితే కళ్లు మూసుకుని రెండేసి చూసుకుంటూ పోతే కొన్ని జంటలు విడిపోతాయి. అందుకని ఇలా చూడండి.

మొదటి సీజన్ 20 ఎపిసోడ్లు, రెండేసి చొప్పున పది రోజులు. 7, 8 ఒకే కథ, 19, 20 ఒకే కథ. అవి వాటంతటవే కలిసి వస్తాయి.

రెండో సీజన్‌లో 8 దాకా రెండేసి, 9 ఒక్కటే ఒక రోజు. మర్నాడు 10, 11 కలిపి. ఈ రెంటినీ విడదీస్తే పదో ఎపిసోడ్ చివర మిగిలే బాధ మర్నాటికి చల్లారిపోతుంది, పదకొండులో ఆంగ్ కోపం అతిగా అనిపిస్తుంది. తర్వాత 12–13, 14–15, 16–17, ఆపైన 18 ఒక్కటే, చివరి రోజు 19–20. మొత్తం పదకొండు రోజులు.

మూడో సీజన్ కూడా 8 దాకా రెండేసి, 9 ఒక్కటే, 10–11, 12–13, 14–15, 16–17. చివరి నాలుగూ, అంటే 18 నుంచి 21 దాకా, ఒకే కూర్చున్నచోట. గంటన్నర పైచిలుకు పడుతుంది, సినిమాకి కూర్చున్నట్టు కూర్చోండి. ఇది పది రోజులు.

వెరసి 31 రోజులు. నెల రోజుల భోజనం తర్వాతి సమయం సరిపోతుంది.

ఏ ఎపిసోడ్లు వదిలేయొచ్చు?

ఒక్కటే: మొదటి సీజన్ 11, "ది గ్రేట్ డివైడ్". రెండు తెగల తగువు తీర్చే కథ. ముందూ వెనకా దేనికీ తగలదు, పైగా ఆంగ్ స్వభావానికి సరిపోని ముగింపు. చేసినవాళ్లకీ ఆ సంగతి తెలుసు. మూడో సీజన్ 17లో మన పాత్రల కథనే నాటకంగా వేస్తారు కదా, అందులో ఆ లోయ దగ్గరికి రాగానే ఆగకుండా ఎగిరిపోదామని తేల్చేస్తారు. ఆ చమత్కారం అందాలంటే ఈ ఎపిసోడ్ చూసి ఉండాలి. కాబట్టి దీన్నీ వదలకపోవడమే మంచిది.

మిగతావాటిలో "కథ కదలడం లేదు" అనిపించే ఎపిసోడ్లే తర్వాత అక్కరకొస్తాయి. మొదటి సీజన్ 9లో అగ్నిరాజ్యపు ముసలాయన ఐరో ఒక ఆటబిళ్ల పోగొట్టుకుని రేవంతా వెతికిస్తాడు. ముసలాయన చాదస్తంలా ఉంటుంది. ఆ తామరపువ్వు బిళ్ల రెండో సీజన్ 11లో ఒక ఎడారి ఊళ్లో పలకపైకి వచ్చినప్పుడు, ఆ తర్వాత ఆఖరి ఎపిసోడ్లలో, దాని అసలు విలువ తెలుస్తుంది. క్యాబేజీల బండివాడు మొదట కనబడేది 5లో. ఆ ఎపిసోడ్ దాటేస్తే తర్వాత అతని కేకకి ఎందుకు నవ్వాలో తెలియదు.

బొమ్మ సాగినట్టు వస్తోంది. పక్కన నల్లపట్టీలు ఎందుకు?

ఈ షో గీసిందే 4:3 కొలతలో, పాత డబ్బా టీవీలకి. మీ టీవీ 16:9. పక్కన నల్లపట్టీలు ఉంటేనే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. చంద్రుడు గుండ్రంగా కాక కోడిగుడ్డు అడ్డంగా పడుకున్నట్టు కనబడితే టీవీ బొమ్మని లాగుతోందని అర్థం. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి పిక్చర్ సైజ్‌ని "ఒరిజినల్" లేదా "4:3" చేయండి. ఓటీటీ యాప్‌లో పట్టీలు వీడియోలోనే కలిసి వస్తాయి కాబట్టి అక్కడ మామూలు 16:9 ఉంచితే చాలు. "జూమ్" జోలికి వెళ్లొద్దు. తెర నిండుతుంది గానీ ఎత్తులో నాలుగో వంతు కోసుకుపోతుంది. పైన తలలు, కింద పాదాలు పోతాయి. ఈ షోలో పాదాలు పోతే సగం షో పోయినట్టే, ఎందుకో కింద చెప్పాం.

ఇంకో మాట. యాప్ అడగకుండానే చివరి పేర్లను కత్తిరించి తర్వాతి ఎపిసోడ్‌లోకి దూకుతుంది. ఆటోప్లే ఆపేయండి. కొన్ని ఎపిసోడ్ల తర్వాత ఆ అర నిమిషం నిశ్శబ్దం కావాలి.

పిల్లలకి చూపించొచ్చా?

ఏడెనిమిదేళ్లు వస్తే నిస్సందేహంగా. రక్తం కనబడదు, బూతు లేదు. చావు మాత్రం ఉంది, దాన్ని దాచరు. పక్కన కూర్చోవాల్సినవి నాలుగు. మొదటి సీజన్ 3లో ఎముకల గూడు కనబడుతుంది. 20లో ముఖాలు దొంగిలించే కో అనే ఆత్మ వస్తుంది. రెండో సీజన్ 16లో మూగజీవాన్ని హింసిస్తారు. మూడో సీజన్ 8 రాత్రిపూట పెట్టకండి, అది దెయ్యం కథ లెక్క.

పేర్లు ఎలా పలకాలి?

ఆంగ్, అతని స్నేహితులు కటారా, సాకా, టాఫ్. అగ్నిరాజ్యం వాళ్లు జూకో, ఐరో, జూకో చెల్లెలు అజూలా, తండ్రి ఓజాయ్. 2010 సినిమాలో "ఓంగ్", "సోకా", "ఈరో" అన్నారు. షో చూసి వెళ్లినవాళ్లకి మొదటి పది నిమిషాల్లోనే మనసు విరిగింది అందుకే.

వరసల గురించి ఒక సంగతి. జూకో ఐరోని "అంకుల్" అంటాడు. ఆ ఇంగ్లిషు మాటకి బాబాయి, మామయ్య, పెదనాన్న అన్నీ ఒకటే. ఐరో ఓజాయ్‌కి అన్న, అంటే జూకోకి పెదనాన్న. ఇంట్లో పిల్లలకి కథ చెప్పేటప్పుడు ఆ మాటే వాడండి. "పెదనాన్న" అనగానే సింహాసనం న్యాయంగా ఎవరిదో, తమ్ముడు దాన్ని ఎలా చేజిక్కించుకున్నాడో అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది. ఇంగ్లిషులో చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవడానికి రెండో సీజన్ 7 దాకా ఆగాలి.

ఏ బెండింగ్ ఏదో కదలిక చూసి ఎలా గుర్తుపట్టాలి?

చేతులు చూడకండి, పాదాలు చూడండి. ఒక్కో విద్యకీ ఒక్కో చైనా యుద్ధకళ ఆధారం. సిఫు కిసు అనే గురువు సలహాదారుగా ఉండి కదలికలు చేసి చూపించేవాడు, వాటిని చూసి గీసేవారు.

నీరు తాయ్ చీ. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా జారుతుంది, చేయి ఎక్కడా ఆగదు. ఎదుటివాడి బలాన్నే తిప్పి వాడి మీదికి పంపడం దీని పద్ధతి. భూమి హుంగ్ గార్. మోకాళ్లు వంచి, కాళ్లు బార్లా చాపి, మడమలు నేలకి దిగేసి నిలబడతారు. ముందు కాలు నేలని కొడుతుంది, తర్వాతే రాయి లేస్తుంది. అగ్ని ఉత్తర షావోలిన్. ఎగిరి తన్నడం, చేయి పూర్తిగా చాచి గుద్దడం. గాలి బా గువా. పాదాలు వలయంలో నడుస్తాయి, ఎదురుగా నిలబడరు, పక్కకి తప్పుకుంటారు. ఆంగ్ స్వభావమంతా ఆ నడకలోనే ఉంది.

టాఫ్‌ది ఒక్కదానిది వేరు. ఆమెకి చూపు లేదు, నేల అదురుని పాదాలతో వింటుంది. అందుకే ఆమెకి దక్షిణాది ప్రేయింగ్ మాంటిస్ పద్ధతి ఇచ్చారు. అడుగు చిన్నది, చేయి ఒంటికి దగ్గరగా ఉంటుంది, వేళ్లు కొక్కెంలా వంగుతాయి. మిగతా భూవిద్యవాళ్ల పక్కన ఆమెని ఆపి చూడండి, తేడా తెలిసిపోతుంది.

దీన్నంతా ఒకేచోట చూడాలంటే రెండో సీజన్ 9, "బిటర్ వర్క్". ఆంగ్ రాయిని కదపలేడు, ఎందుకంటే తప్పుకోవడం తప్ప ఎదురు నిలవడం అతనికి అలవాటు లేదు. టాఫ్ అతని చేతికర్ర తీసుకుని గింజలు పగలగొట్టుకుంటుంది, రెచ్చగొడుతుంది. చివరికి సాకా ఒక గుంటలో ఇరుక్కుని ఉండగా పెద్ద కోరల మృగం మీదికి వస్తుంది. పారిపోతే సాకా పోతాడు. ఆంగ్ తప్పుకోకుండా నిలబడతాడు. ఆ తర్వాత టాఫ్‌కీ ఎదురు నిలిచాక రాయి కదులుతుంది. స్వభావం మారకుండా విద్య రాదన్న నియమాన్ని ఆ దృశ్యం ఉపన్యాసం లేకుండా చూపిస్తుంది.

■ ఇక్కణ్ణుంచి కథ బయటపడుతుంది. చూడనివాళ్లు ఆగండి. ■

ఆపాని ఎత్తుకుపోతుంటే టాఫ్ ఎందుకు ఆపలేదు?

ఆమె తప్పు కాదు. అప్పుడు ఇసుకలోకి కుంగిపోతున్న గ్రంథాలయాన్ని తన బలంతో నిలబెడుతోంది, లోపల ముగ్గురు స్నేహితులున్నారు. వదిలితే వాళ్లు సమాధి అవుతారు. పైగా ఇసుక మీద ఆమెకి అంతా మసకగా తెలుస్తుంది, గట్టినేల మీద ఉన్నంత స్పష్టత ఉండదు. రెండు చేతులూ ఒక పనిలో ఉన్నాయి, "చూపు" సగమే ఉంది. ఆమె ఎంపిక సరైనదే, ఆంగ్ కోప్పడటమూ సహజమే. ఇద్దరిదీ న్యాయమైనప్పుడు వచ్చే గొడవని పిల్లల షోలో ఇంత నిజాయితీగా రాసినవాళ్లు తక్కువ.

లోహాన్ని వంచడం నియమం తప్పినట్టు కాదా?

కాదు. లోహం తీసేది మట్టిలోంచే, శుద్ధి చేశాక కూడా అందులో మట్టి కణాలు మిగులుతాయి. మిగతావాళ్లకి అవి తెలియవు, అదురుని వినే టాఫ్‌కి తెలుస్తాయి. రెండో సీజన్ 19లో ఇనప పెట్టెలో బందీగా ఉన్నప్పుడు ఆమె పెట్టె గోడని తడుతూ ఆ కణాల జాడ వెతుకుతుంది. కొత్త శక్తి కాదు, పాత శక్తినే ఇంకా లోతుగా వాడటం. రక్తాన్ని ఆడించే హామా విద్య కూడా అంతే. ఒంట్లో నీరుంది, పున్నమి రాత్రి నీటి విద్యకి బలం ఎక్కువ.

మెరుపుని దారి మళ్లించే పద్ధతి ఏమిటి?

ఐరో చెప్పిన దారి ఇది. మెరుపుని వేలికొసల్లో పట్టాలి. అక్కణ్ణుంచి చేయి గుండా భుజానికి, భుజం నుంచి కడుపులోకి దింపాలి. కడుపు నుంచి పైకి తెచ్చి రెండో చేతి వేళ్లలోంచి వదలాలి. కడుపు దాకా దింపడమే కీలకం. నేరుగా ఈ చేతి నుంచి ఆ చేతికి పోనిస్తే దారిలో గుండె ఉంటుంది. ఈ విద్య అగ్నివిద్యలోది కాదు, నీటివిద్యవాళ్లని గమనించి ఐరో తయారుచేసుకున్నది.

నియమం ఎలా పనిచేస్తుందో వరుసగా చూడండి. మూడో సీజన్ 11లో జూకో తండ్రి వేసిన మెరుపుని పట్టి వదులుతాడు, కాళ్లు నేలమీద ఉన్నాయి, సిద్ధంగా ఉన్నాడు. ఆఖర్లో అజూలా కటారా మీదికి వేసినప్పుడు అడ్డంగా గాల్లోకి దూకుతాడు. నిలకడ లేదు, కడుపులోకి దింపే వ్యవధి లేదు. సగం బయటికి పోయినా మిగతాది ఒంటికి తగిలి కూలిపోతాడు. పద్ధతి తెలిసినా దెబ్బ తగిలింది, ఎందుకంటే పద్ధతి ప్రకారం చేసే వీలు దొరకలేదు.

చక్రాలు, అవతారం మన దగ్గర్నుంచి తీసుకున్నవేనా? సరిగ్గా వాడారా?

మాటలు మనవే. "అవతారం" అర్థం కొంత మారింది. మన వాడుకలో దేవుడు పైనుంచి దిగిరావడం, ఇక్కడ ఒకే ఆత్మ అగ్ని, గాలి, నీరు, భూమి వరుసలో మళ్లీమళ్లీ పుట్టడం. పసివాడి ముందు బొమ్మలు పరిచి, పాత అవతార్‌ల వస్తువులు ఏరుకున్నవాణ్ణి గుర్తించడం టిబెట్ లామాల సంప్రదాయానికి దగ్గర.

చక్రాల ఎపిసోడ్, రెండో సీజన్ 19, శ్రద్ధగా రాసింది. గురువు పేరే పథిక్. ఏడు చక్రాలు, ఒక్కోదానికి ఒక్కో అడ్డంకి: భూమికి భయం, నీటికి అపరాధభావం, అగ్నికి సిగ్గు, గాలికి దుఃఖం, శబ్దానికి అబద్ధం, వెలుగుకి భ్రమ, చివరిది ఆలోచన, దానికి మమకారం. తెలుగువాళ్లు గమనించాల్సింది అయిదోది. విశుద్ధచక్రానికి మనవాళ్లు చెప్పే భూతం ఆకాశం. షోలో ఆకాశవిద్య లేదు. అందుకని అక్కడ "శబ్దం" పెట్టారు. శబ్దం ఆకాశగుణమని మన శాస్త్రం. తెలిసి చేసినా తెలియక చేసినా చక్కగా కుదిరింది. స్వాధిష్ఠానంలో నీరు, మణిపూరంలో అగ్ని అన్న వరుస ఎక్కువ గ్రంథాల్లో ఉన్నదే. సౌందర్యలహరిలో మాత్రం ఈ రెండూ తారుమారుగా ఉంటాయి కాబట్టి ఆ శ్లోకం నోటికి వచ్చినవాళ్లు షోది తప్పు అనుకోనక్కర్లేదు.

ఉల్లిపాయ, అరటిపండు కలిపిన రసం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. చేసుకోవద్దు.

రెండో సీజన్ చివర్లో జూకో మోసం చేయడం అనవసరం కదా?

అదే అన్నిటికంటే అవసరమైన అడుగు. అక్కడే మంచివాడైపోయి ఉంటే అతనికి ఖర్చేమీ అయ్యేది కాదు. పెదనాన్నని జైలుకి పంపి, తండ్రి మెప్పు, రాజభోగం, ఇల్లు, కోరుకున్నవన్నీ దక్కించుకున్నాక అవేవీ తను కోరినవి కావని తెలుసుకోవడం, ఆ తర్వాత వాటిని వదిలి రావడం. ఆ వరుసలో ఒక్క మెట్టు తీసేసినా మార్పు నమ్మలేం. మూడో సీజన్‌లో ఆంగ్ బృందం అతన్ని వెంటనే నమ్మకపోవడం కూడా అందుకే సరిపోయింది.

ఐరో గొంతు మారిందా?

మారింది. మాకో అనే నటుడు 2006 జులై 21న చనిపోయాడు. మూడో సీజన్‌లో గ్రెగ్ బాల్డ్విన్ ఆ గొంతుని అందుకున్నాడు. రెండో సీజన్ 15లో ఐరో కొండమీద చెట్టుకింద కొడుకు బొమ్మ పెట్టి, పుట్టినరోజు కానుక ఉంచి పాడతాడు. పాట మధ్యలో గొంతు విరిగిపోతుంది. ఆ భాగం చివర మాకోకి అంకితమని వేస్తారు. దానికి ముందు ఐరో ఊరంతా తిరుగుతూ ఏడ్చే పిల్లవాణ్ణి ఊరడిస్తాడు, తనని దోచుకోబోయినవాడికి నిలబడే తీరు నేర్పి టీ ఇస్తాడు. అందరి పిల్లలనీ ఓదార్చి చివరికి తన కొడుకు దగ్గరికి వెళ్తాడు. సుమారు నాలుగు నిమిషాలు. షో మొత్తంలో మాకు దీనికి మించింది లేదు.

ముగింపు నియమం తప్పిందా?

సగం. ఓజాయ్ శక్తి తీసేసే విద్య సింహ తాబేలు దగ్గర హఠాత్తుగా దొరికిందంటారు. ఆ తాబేలు బొమ్మ గ్రంథాలయం ఎపిసోడ్‌లోనే ఆంగ్ చూస్తాడు, కాబట్టి జీవి కొత్తది కాదు. విద్య గురించి మాత్రం ముందు ఒక మాటైనా వేసి ఉండాల్సింది. అసలు లోపం రాయిది. ఆంగ్ వీపు మీద పాత గాయం సరిగ్గా రాతి మొనకి తగిలి మూసుకుపోయిన చక్రం తెరుచుకుంటుంది. పథిక్ చెప్పిన ప్రకారం మమకారం వదిలితే తెరుచుకోవాలి, దెబ్బ తగిలితే కాదు. 61 ఎపిసోడ్లు నియమానికి కట్టుబడినవాళ్లు ఇక్కడ ఒక్కచోట అడ్డదారి తొక్కారు. చంపనన్న ఆంగ్ నిర్ణయం మాత్రం నూటికి నూరుపాళ్లు అతనిదే. గాలి సన్యాసుల్లో చివరివాడు వాళ్ల ధర్మాన్ని కూడా చంపుకుంటే అగ్నిరాజ్యం మొదలుపెట్టిన పని పూర్తయినట్టే.

మనుషులతో తీసినవి చూడొచ్చా?

2010 సినిమా వద్దు. దర్శకుడు ఎం. నైట్ శ్యామలన్, జూకోగా దేవ్ పటేల్. ఎందుకు వద్దో ఒక్క దృశ్యం చాలు. షోలో భూవిద్యవాళ్లని బంధించేది సముద్రం మధ్య ఇనప కట్టడం మీద, అక్కడ మట్టి లేదు కనుక. సినిమాలో వాళ్లని మట్టినేల మీదే బంధించారు. చుట్టూ కొండలు. తలుచుకుంటే అయిదు నిమిషాల పని, ఆంగ్ వచ్చి గుర్తుచేసేదాకా ఎవరికీ తోచదు. నియమం పోతే పాత్రలు తెలివితక్కువవాళ్లైపోతారు.

నెట్‌ఫ్లిక్స్ సీరీస్ మొదటి సీజన్ 2024 ఫిబ్రవరి 22న వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. అసలు సృష్టికర్తలు 2020లోనే తప్పుకున్నారు. దుస్తులు, ఊళ్లు బావున్నాయి, జూకోగా డల్లస్ లియూ చాలా బావున్నాడు. కానీ అసలు షోలో మొదటి సీజన్ పేరే నీరు, ఆంగ్ నీటివిద్య నేర్చుకోవడమే దాని కథ, అదే ఇందులో దాదాపు లేదు. అసలుది చూశాక, ఆసక్తి మిగిలితే చూడండి.

"కొర్రా" చూడాలా?

చూడాలి, కానీ వెంటనే వద్దు. నెల ఆగండి. ఈ షోకి కొనసాగింపుగా 2012 నుంచి 2014 దాకా వచ్చింది, నాలుగు సీజన్లు, 52 ఎపిసోడ్లు. డెబ్భై ఏళ్ల తర్వాతి కథ, కార్లు, రేడియో వచ్చేశాయి. రెండో సీజన్ మొదటి సగం నీరసం, ఓపిక పట్టండి. మూడో సీజన్ అసలు షోలోని ఏ సీజన్‌తోనైనా పోటీ పడుతుంది. నాలుగో సీజన్ 8 పాత దృశ్యాలతో కుట్టింది, బడ్జెట్ కోయడం వల్ల అలా చేయాల్సి వచ్చింది. అది నిర్భయంగా దాటేయొచ్చు.

జూకో తల్లి ఏమైంది?

షోలో చెప్పరు. కామిక్స్‌లో ఉంది. ముందు "ది ప్రామిస్", తర్వాత "ది సెర్చ్" చదవండి, తల్లి కథ రెండోదాంట్లో. రెండూ జీన్ లుయెన్ యాంగ్ రాశారు, బొమ్మలు గురిహిరు. ఒక్కోటి మూడు భాగాలు. విడివిడిగా కొంటే భాగాల అంకె చూసుకోండి, మూడూ ఒకే అట్టలో ఉన్న పెద్ద సైజు ప్రతి దొరికితే అదే తీసుకోండి.